మోరీ దాటేవాళ్ళ ఓటు

2025 డిసెంబర్ 14, ఆదివారం. పొద్దున ఏడు కాకముందే మా ఊరి బడి వాకిట్లో మొదలైన లైను రోడ్డు మీదికి వచ్చేసింది. చలికి అందరూ చేతులు చంకల్లో పెట్టుకొని నిలబడ్డారు. నా ముందున్న ఇరవై మందిలో తొమ్మిదిమంది నాకు హైదరాబాద్‌లో కనబడేవాళ్ళే. ఒకాయనకు బోడుప్పల్‌లో కిరాణా దుకాణం. ఇంకొకాయన మేడిపల్లిలో ఇల్లు కట్టుకొని పన్నెండేళ్ళయింది. నేను ఉప్పల్‌లో ఉంటాను, పద్దెనిమిదేళ్ళ నుంచి. ఉద్యోగం, పిల్లల బడి, అప్పు కట్టే ఫ్లాటు, అన్నీ అక్కడే. ఓటు మాత్రం ఊర్లో.

లోపలికి వెళ్తే రెండు బ్యాలెట్ కాగితాలు ఇచ్చారు. గులాబీ రంగుది సర్పంచ్‌కు, తెల్లది వార్డు మెంబరుకు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. ఉంగరం, కత్తెర లాంటివే ఉంటాయి. స్వస్తిక్ ముద్ర గుద్ది, మడత జాగ్రత్తగా పెట్టి, పెట్టెలో వేసి బయటికి వచ్చాను. మనసు నిండుగా అనిపించింది. ఆ వారం పూర్తయ్యేసరికి ఆ నిండుతనం నిలవలేదు. ఎందుకు నిలవలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఊరికి దాదాపు రెండేళ్ళు సర్పంచ్ లేడు. 2019 జనవరిలో గెలిచినవాళ్ళ పదవీకాలం 2024 జనవరి 31తో అయిపోయింది. ఆ తర్వాత రాష్ట్రమంతా ప్రత్యేకాధికారుల పాలన. ఒక్కో అధికారికి రెండు మూడు ఊర్లు, ఆయనకు తన ఆఫీసు పనులు వేరే. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. బీసీ రిజర్వేషన్ల వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. అదంతా దాటుకొని చివరికి 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా పోలింగ్ పెట్టారు. మా మండలం రెండో విడతలో పడింది, అదీ ఆదివారం. పట్నంలో ఉన్నవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి?

వారం ముందు నుంచే ఫోన్లు. "అన్నా, ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ బస్సు పెట్టినం. పొద్దుగాల నాలుగింటికి. వదినెను గూడ తీస్కరా." ఒక అభ్యర్థి బస్సు పెడితే ఇంకొకరు రెండు వ్యాన్లు పెట్టారు. సొంత బండిలో వచ్చేవాళ్ళను పెట్రోలు డబ్బులకు ఫోన్‌పే నంబర్ అడిగారు. నేను నా కారులో, నా ఖర్చుతో వచ్చాను. అలా వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ మాట ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే పట్నం ఓటర్లందరూ డబ్బుకు వచ్చారంటే తప్పు. ఎక్కువమంది ప్రేమతోనే వచ్చారు. నా బాధ కూడా ఆ ప్రేమ గురించే.

ఒంటిగంటకు పోలింగ్ ఆగింది, రెండింటికి లెక్కింపు మొదలైంది. చీకటి పడేసరికి ఫలితం తెలిసింది. సర్పంచ్ ఇరవై మూడు ఓట్ల తేడాతో గెలిచాడు. మా వార్డు మెంబరు పదకొండు ఓట్లతో గెలిచింది. ఆ రాత్రే వార్డు మెంబర్లంతా కూర్చొని ఉపసర్పంచ్‌ను ఎన్నుకున్నారు. సర్పంచ్ ఎన్నిక కంటే దానికే ఎక్కువ టెన్షన్. మన రాష్ట్రంలో పంచాయతీ చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ కూడా సంతకం పెట్టాలి. ఆ సంతకం విలువ ఎంతో ఊర్లో అందరికీ తెలుసు.

మా ఊర్లో ఓట్లు పదమూడు వందలకు కొంచెం ఎక్కువ. బయటి నుంచి వచ్చి వేసినవాళ్ళు రెండు వందలకు తగ్గరని లెక్కింపు కాడ కూర్చున్న ఏజెంట్లే చెప్పుకున్నారు. ఇరవై మూడు ఓట్ల తేడా, రెండు వందల పట్నం ఓట్లు. అంటే ఊరికి సర్పంచ్ ఎవరో తేల్చింది మేము. ఆ రాత్రి పదింటికల్లా మా బండ్లన్నీ హైవే ఎక్కేశాయి. నా భార్యాపిల్లలు కూడా వెళ్ళిపోయారు, సోమవారం బడి ఉంది కాబట్టి. పొలం కాగితాల పని ఉండటంతో ఆఫీసుకు సెలవు పెట్టి నేను ఉండిపోయాను.

ఉండిపోవడం వల్లే మోరీ చూశాను.

మా పెద్దమ్మ ఇంటి ముందర మురుగునీళ్ళు పారే మోరీ ఉంది. దాని మీద ఒకప్పుడు షాబాదు బండ వేసి ఉండేది. అది విరిగి ఏడాదిన్నర అయిందట. ఒక ముక్క మోరీలో పడి నీళ్ళకు అడ్డం నిలిచింది. దాని వెనక ప్లాస్టిక్ కవర్లు, చెత్త, నల్లటి బురద. ఎగువ ఇళ్ళ నీళ్ళన్నీ అక్కడ ఆగి, వాకిట్లోకి పారి, మళ్ళీ రోడ్డెక్కుతున్నాయి. దాటడానికి పెద్దమ్మ మధ్యలో ఒక సిమెంటు ఇటుక పెట్టుకుంది. ముందు కర్ర ఆనించి చూస్తుంది, ఇటుక కదలడం లేదని తెలిశాక ఎడమ కాలు పెడుతుంది, గేటు పట్టుకొని కుడి కాలు ఇవతలికి లాగుతుంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. నేను చూస్తుండగా పొద్దటి నుంచి సాయంత్రం దాకా ఆరుసార్లు దాటింది. పాల ప్యాకెట్టుకు, పింఛను సంగతి అడగడానికి, పక్కింటి పిల్లను పిలవడానికి.

"ఇన్ని రోజుల నుంచి ఎవరికీ చెప్పలేదా పెద్దమ్మా?" అన్నాను.

"ఎవలకు చెప్పాలె బిడ్డా? జనవరిల గ్రామసభ పెట్టిన్రు. పోయిన. అండ్ల అంత లొల్లే. కార్డు రాలేదని ఒకలు, ఇల్లు రాలేదని ఒకలు. నా మోరీ ముచ్చట ఎవలింటరు?"

ఆమె చెప్పింది 2025 జనవరి 21 నుంచి 24 దాకా రాష్ట్రమంతా పెట్టిన గ్రామసభల గురించి. రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ళు, రైతు భరోసా, ఆత్మీయ భరోసా పథకాల జాబితాలు చదివిన సభలవి. చాలా ఊర్లలో పేర్లు లేవని జనం అధికారులను నిలదీశారు, అది అందరం టీవీల్లో చూశాం. ఆ రోజు మా ఊరి సభకు ఎంతమంది వచ్చారని అడిగితే పెద్దమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టి, జాబితా పని ఉన్నవాళ్ళు తప్ప పదిమంది కూడా లేరంది. ఆ తర్వాత ఆమె అన్న మాట నన్ను ఇంకా వదలడం లేదు.

"మీరొస్తరు, ఓటేస్తరు, పోతరు. మోరీ మేం దాటుతం."

నిష్ఠూరంగా అనలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా, ఉన్నమాట అన్నట్టు అంది.

గ్రామసభ అంటే ఏమిటో మనలో చాలామందికి సరిగ్గా తెలియదు. సర్పంచ్ పిలిచే మీటింగ్ అనుకుంటాం. రాజ్యాంగం చెప్పేది వేరు. 73వ సవరణ అమల్లోకి వచ్చిన 1993 ఏప్రిల్ 24 నుంచి గ్రామసభ అంటే ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న మనుషులందరూ కలిసిన సభ. జాబితాలో పేరు ఎక్కినరోజే ఆ సభలో సభ్యత్వం వచ్చేసినట్టు. ఎమ్మెల్యే అసెంబ్లీకి ఎలాగో, ఓటరు గ్రామసభకు అలాగ. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి ఈ సభ పెట్టాలంటోంది. అంటే ఏడాదికి ఆరుసార్లు. ఐదేళ్ళకు ముప్పైసార్లు. నేను ఓటరునై ఇరవై ఏళ్ళు దాటింది. ఒక్క గ్రామసభకు కూడా వెళ్ళలేదు. పోలింగ్‌కు మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. దాన్నే గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

ఒకే జాబితా రెండు హక్కులిచ్చింది. ఒకటి సరదాగా ఉంటుంది, చుట్టాలు కలుస్తారు, కల్లు, మటన్, వేలికి సిరా, ఫోటోలు. రెండోది ఎండలో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చొని వీధిలైట్ల లెక్క వినడం. మొదటిదాన్ని తీసుకొని రెండోదాన్ని పెద్దమ్మకు వదిలేశాం.

చట్టం సంగతి కూడా చెప్పాలి. పంచాయతీ ఓటర్ల జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది. ఆ జాబితాలో పేరు ఎక్కాలంటే ఆ చోట మామూలుగా నివాసం ఉండాలి. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 20వ సెక్షన్ ఇంకా తేటగా చెబుతుంది. ఒకచోట ఇల్లు ఉన్నంతమాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదని. తాళం వేసిన మా పాత ఇల్లు నాకు ఊరి ఓటు ఇవ్వదు. ఇన్నేళ్ళూ ఇది తెలియక కొంత, తెలుసుకోవాలనే ఆలోచన లేక కొంత, గడిపేశాను.

కానీ అదే సెక్షన్ ఇంకో మాట కూడా అంటుంది. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్ళినవాళ్ళ నివాసం పోదని. ఇది చాలా ముఖ్యం. మా ఊరి నుంచి హైదరాబాద్ అడ్డాల మీదికి మేస్త్రీ పనికి వెళ్ళేవాళ్ళున్నారు. కట్టే బిల్డింగు కిందే రేకుల షెడ్డు వేసుకొని ఉంటారు, అది పూర్తయితే ఇంకో బిల్డింగు కిందికి మారతారు. నాట్లకు, కోతలకు ఊరికి వస్తారు. వాళ్ళ ముసలివాళ్ళు, పిల్లలు, రేషన్ బియ్యం, అన్నీ ఊర్లోనే. పట్నంలో వాళ్ళకు అడ్రసే లేదు, ఓటు ఎక్కడిది? గల్ఫ్‌కు పోయి వచ్చేవాళ్ళదీ అదే పరిస్థితి. వాళ్ళ ఓటు ఊర్లోనే ఉండాలి, వాళ్ళను బస్సెక్కించి తీసుకురావడాన్ని నేను తప్పుపట్టను. నేను మాట్లాడేది నాలాంటివాళ్ళ గురించి. కరెంటు బిల్లు, ఇంటి పన్ను పట్నంలో కట్టేవాళ్ళ గురించి. పిల్లలు ఊర్లో రెండు రోజులుంటే మూడోరోజు బోర్ అనేవాళ్ళ గురించి.

బుధవారం రాత్రి కురుమవాడలో ఒక ఇంట్లో మల్లన్నకు పట్నం వేశారు. ఈ పట్నం ఊరు కాదు, దేవుడికి నేల మీద పిండితో గీసేది. చిన్నప్పుడు అక్కడే గొంగడి కప్పుకొని రాత్రంతా ఒగ్గుకథ విని, తెల్లారి బడిలో నిద్రపోయేవాణ్ణి. మా జనగామ వైపు ఒగ్గుకథ అంటే చుక్క సత్తయ్య పేరే ముందు. లింగాలఘనపురం దగ్గర మాణిక్యాపురం ఆయనది, 2017లో పోయారు. ఆయన గొంతు విన్న చెవులకు వేరే కథ రుచించదని మా బాపు అనేవాడు.

ఇంటి ముందు పందిరి, పందిరి కింద పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపొడితో వేసిన పట్నం. ముగ్గు అంటే సరిపోదు, గదులు గదులుగా ఒక కోటలా ఉంటుంది. ఒగ్గు పూజారి మోకాళ్ళ మీద కూర్చొని చిటికెడు చిటికెడు పిండి వేళ్ళ మధ్య నుంచి జార్చుతూ గీత గీస్తుంటే, చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళు ఊపిరి గట్టిగా వదలడానికి కూడా భయపడ్డారు. గాలి తగిలితే గీత చెదురుతుంది కదా. తొమ్మిదిన్నరకు డోలు మొదలైంది. గజ్జెలు, తాళాలు, మధ్యలో ఒగ్గు అనే చిన్న డమరుకం. మల్లన్న గొల్ల కేతమ్మను చేసుకునే కథ ఎత్తుకున్నారు.

ఒగ్గుకథలో కథ చెప్పే మనిషి ఒక్కడే ఉండడు. పక్కన ఇంకొకడు ఉంటాడు. "ఆఁ, అటెనుక?" "గట్లనా అన్నా!" "మరి ఆ పిల్ల ఏమన్నది?" అని అడుగుతూ ఉంటాడు. ఆ అడిగేవాడు లేకపోతే కథ కదలదు. అది చాలక పూజారి మధ్యమధ్య జనం వైపు తిరిగి అడుగుతాడు. ఆ రాత్రి కూడా అడిగాడు. "ఏమంటరయ్యా పెద్దమనుషులు? పిల్లనియ్యొచ్చునా, ఇయ్యొద్దా?"

నేను చిన్నప్పుడు విన్న జవాబు నాకు బాగా గుర్తుంది. పందిరి లేచిపోయేలా "ఇయ్యొచ్చు!" అని అరిచేవాళ్ళు. ఆడవాళ్ళ వైపు నుంచి "సవతి మీదికి ఎట్లిస్తం?" అని ఎవరో ఒకరు అడ్డం తగిలేవాళ్ళు. మేడలమ్మ అప్పటికే మల్లన్న ఇల్లాలు కదా. పూజారి ఆ అడ్డుమాటను పట్టుకొని ఇంకో అరగంట కథ అల్లేవాడు. ఈసారి ఆయన అడిగినప్పుడు ముందు వరసలో పదిహేను ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. వీడియో తీస్తున్నవాళ్ళు మాట్లాడరు, తమ గొంతు రికార్డులో పడుతుందని. వెనక నుంచి ముగ్గురు నలుగురు ముసలివాళ్ళు "ఇయ్యొచ్చు" అన్నారు. నేనూ అన్నాను, కొంచెం ఆలస్యంగా. పూజారి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కథలోకి వెళ్ళిపోయాడు. పదకొండున్నరకల్లా ఫోన్లు వెళ్ళిపోయాయి. మిగిలినవాళ్ళం ముప్పై మందిమి ఉంటాం.

నా పక్కన కూర్చున్న తాత అన్నాడు: "ఊ కొట్టెటోడు లేకుంటె కథ ఎవలకు చెప్పాలె బిడ్డా? గోడకా?"

ఆ మాట వినగానే జనవరి గ్రామసభ గుర్తొచ్చింది. సభలో ఒక పెద్దావిడ లేచి మోరీ గురించి మాట్లాడితే, "అవును, మా ఇంటి ముందూ అంతే, రాసుకోండి" అనే గొంతు కావాలి. తీర్మానాల పుస్తకంలో ఆ మాట ఎక్కేదాకా అడుగుతూనే ఉండే ఒక మనిషి కావాలి. ఊర్లో చదువుకున్నవాళ్ళం, లెక్కలు చదవడం వచ్చినవాళ్ళం, అధికారి ముందు నిలబడి మాట్లాడటానికి భయపడనివాళ్ళం, అందరం పట్నంలో ఉన్నాం. మా పేర్లు జాబితాలో ఉన్నాయి. మా గొంతులు అక్కడ లేవు. ఉన్న గొంతులు ముసలివి అయిపోయాయి.

శుక్రవారం రాత్రికి నా భార్యాపిల్లలు మళ్ళీ వచ్చారు. శని, ఆదివారాలు ములుగు వైపు వెళ్దామని ఎప్పటి నుంచో అనుకుంటున్నాం. గట్టమ్మ గుడి దగ్గర బండి ఆపి కొబ్బరికాయ కొట్టాం. జనవరి 28 నుంచి మేడారం జాతర కాబట్టి అప్పటికే ముందు మొక్కులకు వెళ్ళే బండ్లతో రోడ్డు నిండింది. పాలంపేటలో రామప్ప గుడి గురించి చెప్పాల్సింది ఎంతో ఉంది, ఇంకోసారి రాస్తాను. నల్లరాతి మదనికల దగ్గర నుంచి మా అమ్మాయిని కదిలించలేకపోయాం. వాటిలో ఒక ఆడబొమ్మ కాలికున్న ఎత్తు మడమల చెప్పులు చూసి, ఎనిమిది వందల ఏళ్ళ కిందటే ఇవి ఉన్నాయా అని ఆశ్చర్యపోయింది. యునెస్కో వాళ్ళు 2021 జూలైలో ఇచ్చిన గుర్తింపు బోర్డు ముందు అందరిలాగే ఫోటో దిగాం.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది గుడి కన్నా చెరువే. రేచర్ల రుద్రుడు 1213లో గుడి కట్టించాడని శాసనం చెబుతుంది. ఆ గుడికి దగ్గరలోనే రామప్ప చెరువు. అక్కడి నుంచి లక్నవరం వెళ్ళాం. కొండల మధ్య సందులు చూసుకొని, వాటికి అడ్డంగా చిన్న చిన్న కట్టలు వేసి, మిగిలిన గోడ పని కొండలకే అప్పజెప్పారు. ఇంత తక్కువ మట్టితో ఇంత నీటిని ఆపడం చూస్తే, ఆ కొలత కొలిచిన మనిషికి దండం పెట్టాలనిపిస్తుంది. పిల్లలకు వేలాడే వంతెన, బోటు. సాయంత్రం ఎండకు నీళ్ళు రాగి రంగుకు వచ్చాయి. చాలా రోజుల తర్వాత నలుగురం ఫోన్లు పక్కన పెట్టి రెండు గంటలు కూర్చున్నాం. అంత హాయిగా ఉండి ఎన్నాళ్ళయిందో.

కట్ట మీద ఒక రైతు కలిశాడు. చెరువు కింద రెండెకరాల ఆయకట్టు. నీళ్ళు వదిలే పని ఎవరు చూస్తారని అడిగితే, ఇప్పుడు డిపార్ట్‌మెంటువాళ్ళు చూస్తారని, వాళ్ళ తాతల కాలంలో ఊరి చెరువులన్నిటికీ నీరటి ఉండేవాడని చెప్పాడు. నీరటి సంగతి మా ఊరి చెరువు వల్ల నాకూ కొంచెం తెలుసు. నీళ్ళు వదిలే తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, ఏ మడికి ముందు, ఏ మడికి వెనక, ఇదంతా నీరటి చూసేవాడు. అందుకు ఊరు ఆయనకు మాన్యం ఇచ్చేది, పంట మీద గింజలు కొలిచేది. వాన కురిసిన రాత్రి చెరువు నిండి మత్తడి దుంకుతుందో లేదో చూడటానికి లాంతరు పట్టుకొని వెళ్ళేది ఆయనే. కట్ట తెగితే ముందు మునిగేది ఆయన మడే. అందుకే తూము ఆయన చేతిలో ఉంది.

"ఆయన కట్ట మీదనే ఉంటుండె సారూ. చెరువు కాడ లేనోని చేతికి తూమిస్తమా?" అన్నాడు ఆ రైతు.

మనం కాకతీయుల చెరువుల గురించి చెప్పేటప్పుడు రాజుల పేర్లు, సామంతుల పేర్లు చెబుతాం. చెరువు తవ్వించడం రాజు పని. దాన్ని ఎనిమిది వందల ఏళ్ళు నిలబెట్టింది మాత్రం నీరటిలాంటివాళ్ళు, పూడిక తీయడానికి తట్టలు పట్టుకొని వచ్చిన ఊర్లు. ఆ పని ఆగిపోయిన చోటల్లా చెరువులు పూడిపోయాయి. 2015లో మిషన్ కాకతీయ పేరుతో వేల చెరువుల్లో మళ్ళీ పూడిక తీయాల్సి వచ్చింది. చెరువుకు ఏది అవసరమో ఊరికి అదే అవసరం అని నేను నమ్ముతున్నాను. ఎవరి వాకిట్లో నీళ్ళు నిలుస్తాయో వాళ్ళ చేతిలో తూము ఉండాలి. మేము లక్నవరంలో వంతెన మీద నడిచి, చేపల వేపుడు తిని, ఫోటోలు దిగి వచ్చేశాం. ఆ నీళ్ళు ఎటు వదలాలో మమ్మల్ని ఎవరైనా అడిగితే అన్యాయమే కదా. మా ఊర్లో ఆ ఆదివారం నేను చేసింది అదే. వచ్చాను, తూము తిప్పాను, వెళ్ళిపోయాను.

ఈ మాట దారిలో నా భార్యతో అంటే ఆమె ఒప్పుకోలేదు. "అది మన ఊరు. అత్తమ్మ, మామయ్య చితులు అక్కడే కాలాయి. ఓటు కూడా తీసేస్తే ఇంకేం మిగులుతుంది?" అంది. ఆ బాధ నిజమైనదే. చాలామంది ఓటు మార్చుకోకపోవడానికి అసలు కారణం కూడా అదే. పింఛను పోతుందనో, రేషన్ కార్డు పోతుందనో భయం ఉన్నవాళ్ళు వేరే. మాలాంటివాళ్ళకు ఊరితో మిగిలిన చివరి కాగితం ఆ ఓటు. కానీ బంధం ఉన్నచోట చేతనైన సాయం చేయొచ్చు. బండ వేయించొచ్చు, బడికి పుస్తకాలివ్వొచ్చు, పట్నం వేసినరోజు వెళ్ళి ఊ కొట్టొచ్చు. పెద్దమ్మ మీద ప్రేమ ఉంటే ఆమె ఓటుకు ఉన్న బలాన్ని నా ఓటుతో తగ్గించకూడదు. పదకొండు ఓట్లతో తేలిన వార్డులో, ఆ గల్లీలో రోజూ నడిచేవాళ్ళు ఎవరిని కోరుకున్నారో మాకు ఎప్పటికీ తెలియదు. వాళ్ళ మాట మా మాటలో కలిసిపోయింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది ఇంకా ఎక్కువ గుచ్చుతుంది. 2020 డిసెంబర్ 1న హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి. సగం మంది కూడా ఓటు వేయలేదు. 2025 డిసెంబర్‌లో మా పంచాయతీ ఎన్నికల్లో పోలింగ్ 80 శాతం దాటింది. తొంభై కిలోమీటర్లు చలిలో ప్రయాణం చేసి ఊర్లో వార్డు మెంబర్‌ను గెలిపించే మనుషులం, పట్నంలో ఇంటి పక్క బడికి నడిచివెళ్ళి ఓటు వేయలేదు. వేయడానికి అక్కడ ఓటే లేదు చాలామందికి. మా కాలనీలో వాన పడితే రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. అందరం వాట్సాప్ గ్రూపులో వీడియోలు పెట్టుకొని తిట్టుకుంటాం. ఆ నీళ్ళలో మా పిల్లలు బడికి వెళ్తారు. అది మా మోరీ. దాని గురించి మాట్లాడే హక్కున్న జాబితాలో మా పేర్లు లేవు.

ఇద్దరం ఫారం-8 నింపాలని నేను తేల్చుకున్నాను. నివాసం మారినవాళ్ళు ఓటు మార్చుకునే దరఖాస్తు అది. నా భార్య ఇంకా ఆలోచించుకుంటానంది. నాది మాత్రం ఆదివారం రాత్రి ఊరికి తిరిగి వచ్చాక, పెద్దమ్మ ఇంట్లో మంచం మీద కూర్చొని ఫోన్‌లోనే నింపి పంపేశాను. అడ్రసు దగ్గర ఉప్పల్ అని కొట్టేటప్పుడు చేయి కొంచెం ఆగింది.

22న సోమవారం కొత్త పాలకవర్గాల ప్రమాణస్వీకారం. పంచాయతీ ఆఫీసుకు కొత్త సున్నం వేశారు. బయల్దేరే ముందు అక్కడికి వెళ్ళి, మా వార్డు మెంబర్‌ను కలిసి శుభాకాంక్షలు చెప్పాను. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు ఆమెకు, మిషన్ కుట్టుకుంటుంది. విరిగిన బండ సంగతి చెప్పాను. "తెలుసన్నా, నేను గూడ అదే బాటకు పోత రోజు. మొదటి గ్రామసభల పెడ్త" అంది. పెద్దమ్మను ఆ సభకు తీసుకుపోతానని, పక్కన కూర్చొని ఆమె మాటకు మాట కలుపుతానని మల్లన్నకు పట్నం వేసిన ఇంటి కోడలు ఒకామె ముందుకొచ్చింది. బుధవారం రాత్రి "సవతి మీదికి ఎట్లిస్తం" అనేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని నేను వెతికింది ఈమెలాంటి మనిషి కోసమే.

పెద్దమ్మకు ఓటు మార్చుకుంటున్న సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఇటుక మీద కాలు పెట్టి, నా చేయి పట్టుకొని మోరీ దాటి, కారు దాకా వచ్చింది.

"ఆడ మీ మోరీ ఎవలు చూస్తరు?" అంది.

హైదరాబాద్ కార్పొరేషన్‌లో చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను కలిపి, మొత్తం 300 వార్డులు చేశారు ఆ నెలలోనే. మా కాలనీ ఏ వార్డులో పడిందో నాకు తెలియదు. అంతకు ముందు మా కార్పొరేటర్ ఎవరో కూడా ఆ క్షణాన నోటికి రాలేదు.

"కనుక్కుంటా పెద్దమ్మా" అన్నాను.

"కనుక్కొని ఫోన్ చెయ్యి. ఊకె మర్వకు," అని కారు తలుపు వేసింది.